వేలంలో గ్లాసు కొనే ముందు దాన్ని తిరగేసి చూడండి

మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. లండన్‌లో జరగబోయే ఒక వేలంలో 1760ల నాటిదని రాసిన వైన్ గ్లాసు ఉంది, దాని కాడ లోపల తెల్లటి మెలిక ఉంది, అంచనా ధర 150 నుంచి 200 పౌండ్లు, హనుమకొండలో ఇంట్లో కూర్చునే పాట పాడవచ్చా అన్నది ఒకటి. మీ తాతగారి ట్రంకు పెట్టెలో సన్నని గొలుసుతో ఒక వెండి బిళ్ల దొరికింది, దాని మీద ఇంగ్లీషు అక్షరాల్లో ‘మదీరా’ అని ఉంది, మీ నానమ్మగారు దాన్ని లక్ష్మీదేవి పటానికి హారంగా వేసేవారు, అసలు అదేమిటి అన్నది రెండోది. ఇలాంటివి పోగుచేస్తే రేపు డబ్బు వస్తుందా అన్నది మూడోది.

మూడోదాని జవాబు చిన్నది కనుక ముందు దాన్ని తేల్చేస్తాను. రాదు. వచ్చినా మీరు అనుకున్నప్పుడు రాదు. నేను మొదలుపెట్టిన రోజులతో పోలిస్తే మామూలు రకం పాత గ్లాసులకు ఇంగ్లండులో గిరాకీ తగ్గింది. డబ్బు కోసమైతే ఆ పౌండ్లు బ్యాంకులో వేసుకోండి. చేతిలోకి తీసుకున్న వస్తువు ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో, ఎందుకు అలా చేశారో తెలుసుకోవడంలో మీకు ఆనందం ఉంటే మాత్రం మిగతాది చదవండి.

నేను కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ని. చుక్క ముట్టను. కల్లు మోదుగాకు దొప్పలో పోసుకుని తాగే ఊళ్లో పుట్టి, పరాయి దేశం వాళ్లు సారాయి పోసుకున్న గ్లాసులను అలమారాలో పెట్టుకుని తుడుచుకుంటున్నానని ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. ఈ పిచ్చి మొదలైంది మాత్రం గ్లాసుతో కాదు, ఒక గరాటుతో.

1998లో వరంగల్ పాత బజారులో ఒక తాకట్టు దుకాణానికి వేరే పని మీద వెళ్లాను. కౌంటరు కింద తక్కెడ పక్కన ఒక వెండి గరాటు కనిపించింది. దీపాల్లో నూనె పోసుకోవడానికి ఎవరో వాడి, ఆపైన కుదువ పెట్టి విడిపించుకోలేదట. దుకాణం పెద్దాయన దాన్ని తూకం వేశాడు, పది తులాలకు కాస్త తక్కువ తూగింది. తర్వాత గరాటు కొసను చూసి, “ఇది వంగిపోయింది, మీరు సాపు చేయించుకోవాలి, అందుకు కొంత తగ్గిస్తాను” అన్నాడు. తగ్గించాడు కూడా. నేనూ నిజంగానే సాపు చేయిద్దామని పనివాడి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన సుత్తి తీసుకునే ముందు భూతద్దం పెట్టి చూసి, “సార్, ఇది దెబ్బకు వంగింది కాదు, వంపుగానే చేశారు. ఎక్కడా నలిగిన గీత లేదు” అన్నాడు.

ఆయన చెప్పిందే నిజం. అది వైన్ గరాటు. పాత వైన్ సీసాలో అడుగున మడ్డి దిగుతుంది. దాన్ని డికాంటర్ అనే గాజు కూజాలోకి వంచేటప్పుడు ధార నేరుగా మధ్యలో పడితే నురగ వస్తుంది. కొస పక్కకు వంగి ఉంటే వైన్ కూజా గోడను ఆనుకుని పలచటి పొరగా జారుతుంది, మడ్డి వస్తోందా లేదా కొవ్వొత్తి వెలుగులో కనిపిస్తుంది. ఆ వంపే గరాటుకు ప్రాణం. ఒక్క సుత్తి దెబ్బకు అది నూనె గరాటు అయిపోయేది. ఆ పనివాడికి వైన్ సంగతి ఏమీ తెలియదు, కానీ వెండి సంగతి తెలుసు. ఈ రంగంలో నా మొదటి గురువు ఆయనే.

ఆ రోజు ఆయన నేర్పింది ఇంకొకటి ఉంది. వస్తువు చేతికి రాగానే ఆయన పైభాగం చూడలేదు, తిరగేశాడు. గరాటు జల్లెడ భాగాన్ని విడదీసి దాని వెనుకా చూశాడు. రెండు ముక్కల మీదా గుర్తులు ఉన్నాయి, రెండూ ఒకే చేతివి. ఒకదానికే గుర్తు ఉంటే మరొకటి తర్వాత అతికించిందేమోనని అనుమానించాలి. అప్పటి నుంచి నేనూ ఏ వస్తువునైనా ముందు అడుగు చూసి, ఆ తర్వాతే ముఖం చూస్తాను. మీ బిళ్లకూ, మీ గ్లాసుకూ ఇదే పద్ధతి.

బిళ్ల సంగతికి వద్దాం. అది హారం కాదు, సీసా మెడలో వేసే పేరు బిళ్ల. 1730ల నుంచి ఇంగ్లండులో ఇవి కనిపిస్తాయి. ఆ కాలంలో వైన్ పీపాల్లో వచ్చేది. దాన్ని నల్లటి సీసాల్లోకో, డికాంటర్లలోకో నింపుకునేవారు. వాటిలో ఉన్న వైన్ రకం పోర్టో, షెర్రీయో, మదీరాయో తెలియాలంటే మెడలో ఒక బిళ్ల వేయాల్సిందే. 1860ల నుంచి కాగితం లేబుల్ అంటించిన సీసాలు దుకాణాల్లో అమ్మడం పెరిగాక వెండి బిళ్లల అవసరం తగ్గిపోయింది. మదీరా అన్న పేరు మన వైపు దొరకడంలో వింతేమీ లేదు. అట్లాంటిక్ సముద్రంలోని ఆ దీవి దగ్గర ఆగి పీపాలు ఎక్కించుకుని ఓడలు ఇండియాకు వచ్చేవి. మామూలు వైన్ ఆ ఎండకు, ఊపుకు పాడైతే మదీరా మాత్రం రుచి తేలేది. అందుకే ఇక్కడి తెల్లదొరల బల్లల మీద అది ఎక్కువగా కనిపించేది. సికింద్రాబాద్ దండు బజారు నుంచో, ఏ గడీ సామాను అమ్మినప్పుడో మీ తాతగారి చేతికి వచ్చి ఉండవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే ఇప్పుడే అడిగి, విన్నది విన్నట్టు ఒక కాగితం మీద రాసి బిళ్లతో పాటు పెట్టండి. అది ఉంటే బిళ్లకు విలువ ఒక మెట్టు పెరుగుతుంది, లేకపోతే అది ఉత్త వెండి ముక్క.

ఇప్పుడు బిళ్లను తిప్పండి. వెనుక వరుసగా చిన్న చిన్న ముద్రలు ఉంటే భూతద్దం పెట్టి చూడండి. ఎడమకు నడుస్తున్న సింహం ఉంటే అది ఇంగ్లండు స్టెర్లింగ్ వెండి, అంటే నూటికి 92.5 వంతులు. వెండిని పరీక్షించి ముద్ర వేసిన ఊరి గుర్తు వేరుగా ఉంటుంది: చిరుతపులి ముఖం లండన్‌ది, లంగరు బర్మింగ్‌హామ్‌ది, కిరీటం షెఫీల్డ్‌ది, కోట ఎడిన్‌బరోది. బర్మింగ్‌హామ్, షెఫీల్డ్ పరీక్షా కేంద్రాలు రెండూ 1773లో మొదలయ్యాయి, కనుక లంగరు ఉన్న వస్తువును 1760 నాటిదని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి. రాజుగారిదో, రాణిగారిదో తల ముద్ర ఉంటే అది సుంకం కట్టినట్టు గుర్తు. 1784 నుంచి 1890 వరకే వేశారు. ఒక్క అక్షరం విడిగా ఉంటే అది ఏ సంవత్సరంలో పరీక్షించారో చెబుతుంది, ఆ అక్షరాల పట్టికలు తేలికగానే దొరుకుతాయి. రెండు మూడు అక్షరాలు కలిసి ఉంటే చేసినవాళ్ల పేరు.

ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. 1790కి ముందు ఇలాంటి చిన్న బిళ్లలకు పూర్తి ముద్రలు తప్పనిసరి కాదు. కనుక వెనుక చేసినవాళ్ల అక్షరాలు మాత్రమే ఉంటే నకిలీ అని తోసేయకండి, నిజానికి అది పాతదనానికే సూచన కావచ్చు. మరోవైపు ముద్రలు సగం సాగిపోయి, వంకరగా, అంచులో తెగిపోయి ఉంటే అనుమానించండి. పాత చెంచాను చదును చేసి బిళ్లగా కోసినప్పుడు అలా అవుతుంది. మద్రాసులో మౌంట్ రోడ్డు పి. ఆర్ అండ్ సన్స్, కలకత్తాలో హామిల్టన్ కంపెనీ వంటి దుకాణాలు కూడా ఇక్కడే వెండి సామాను చేయించి అమ్మాయి. ఇండియాలో అప్పుడు ఇంగ్లండు తరహా పరీక్షా కేంద్రాలు లేవు కనుక వాటి మీద దుకాణం పేరో, దాని అక్షరాలో ఉంటాయి. అవి నాణ్యతకు ప్రభుత్వం ఇచ్చిన హామీ కావు, దుకాణం ఇచ్చిన మాట. అయినా మన వైపు దొరికే వాటిలో నాకు ఎక్కువ ఇష్టమైనవి అవే.

ఈ.పి.ఎన్.ఎస్. అని నాలుగు అక్షరాలు ఉంటే అది నికెల్ వెండి అనే, వెండి కలవని మిశ్రలోహం మీద విద్యుత్తుతో పూసిన వెండి పూత. ఎల్కింగ్టన్ సంస్థ ఆ పద్ధతికి పేటెంటు తీసుకున్నది 1840లో. అందులో అసలు వెండి గోరంత.

బంగారు దుకాణానికి తీసుకెళ్లి పరీక్ష చేయించాలనుకుంటే గీటురాయి మీద మాత్రం గీయనివ్వకండి. అంచు అరగదీస్తారు, యాసిడ్ చుక్క వేస్తారు. కరిగించే వస్తువుకు అది సరైన పరీక్షే, దాచుకునే వస్తువుకు కాదు. హాల్‌మార్కింగ్ కేంద్రాల్లో ఎక్స్‌రే యంత్రం ఉంటుంది, దానితో గీత పడకుండా శాతం తెలుస్తుంది. ఒక ఉపాయం ఇంట్లోనే చేయవచ్చు. ముద్రల చుట్టూ నోటితో ఆవిరి ఊదండి. ఆ ముద్రలున్న ముక్కను వేరే వస్తువు నుంచి కోసి ఇక్కడ అతికించి ఉంటే, ఆ ఆవిరిలో టంకం గీత ఒక్క క్షణం మెరిసి మాయమవుతుంది. నాకు ఒక వెండి కప్పు మీద ఆ గీత ఆ ఒక్క క్షణంలోనే దొరికింది. అమ్మేవాడి ముందే ఊదాను, అతను ఏమీ మాట్లాడకుండా కప్పు తీసి లోపల పెట్టేసుకున్నాడు.

ఇక గ్లాసు. ఇది కష్టమైన విషయం. వెండికి ముద్రలుంటాయి, గాజుకు నోరు లేదు.

కాడలో మెలికలు ఎందుకు వచ్చాయో తెలిస్తే పరీక్ష సులువవుతుంది. జార్జ్ రావెన్స్‌క్రాఫ్ట్ 1674లో సీసం కలిపిన గాజుకు పేటెంటు పొందాడు. ఆ గాజు బరువు, మెరుపు ఎక్కువ, గోటితో మీటితే చాలాసేపు మోగుతుంది. మొదట్లో గ్లాసులు లావు కాడలతో బరువుగా ఉండేవి. తర్వాత ఇంగ్లండు ప్రభుత్వం గాజు సరుకు బరువును బట్టి సుంకం వేసింది. 1745లో చట్టం చేసి మరుసటి ఏడు నుంచి అమలు చేశారు, తీసేసింది 1845లో. సుంకం తూకం మీద అయ్యేసరికి గ్లాసులు చిక్కిపోయాయి. బరువు పెంచకుండా అందం పెంచాలి కదా, అందుకని కాడలో గాలి బుడగలు పెట్టి సాగదీసి మెలిపెట్టారు, తర్వాత తెల్లటి గాజు కడ్డీలు పెట్టి మెలిపెట్టారు. మీరు చూసిన తెల్ల మెలిక రకం దాదాపు 1755 నుంచి 1780 వరకు వాడుకలో ఉంది. కనుక 1760లు అన్న మాట అసంభవం కాదు. కానీ అదే రకాన్ని తర్వాతి కాలాల్లో కూడా చేశారు, మోసం చేయడానికి కొందరు, ముచ్చటపడి కొందరు.

గ్లాసును తిరగేయండి, అంటే మీ విషయంలో వేలం సంస్థకు ఈమెయిల్ రాసి అడుగు భాగం ఫొటో అడగండి. అడుగు మధ్యలో గరుకైన మచ్చ ఉండాలి. గ్లాసు చేసేటప్పుడు దాన్ని ఇనుప కడ్డీకి అంటించి పట్టుకుంటారు, చివర విరిచి తీస్తారు. ఆ విరిచిన గుర్తును నేను బొడ్డు అంటాను. అలా పుట్టిన ప్రతి గ్లాసుకూ బొడ్డు ఉంటుంది. ఆ గరుకు బల్లకు తగలకూడదు కనుక పాదం చదునుగా కాకుండా గొడుగులా కాస్త లేచి ఉంటుంది. పాదం వెడల్పు పైనున్న గిన్నె అంచు కంటే ఎక్కువగానో, కనీసం సమానంగానో ఉంటుంది. బొడ్డు నున్నగా అరగదీసి, పాదం పళ్లెంలా చదునుగా, గిన్నె కంటే చిన్నగా ఉంటే నేను అక్కడితో ఆగిపోతాను.

తర్వాత పాదం అంచు కింద గీతలు. రెండు వందల యాభై ఏళ్లు బల్లల మీద జరిగిన గ్లాసుకు గీతలు తప్పవు, కానీ అవి ఒక దిక్కు లేకుండా, కొన్ని లోతుగా, కొన్ని వెంట్రుక వాసిగా, బల్లకు ఆనే చోట మాత్రమే ఉంటాయి. అన్నీ ఒకే వైపు, ఒకే లోతులో, పొలం దున్నినట్టు ఉంటే గరుకు కాగితం పని.

నోట్లు చూసుకునే చిన్న అతినీలలోహిత టార్చి ఒకటి కొనుక్కోండి. చీకటి గదిలో దాని కింద పాత సీసపు గాజు లేత నీలం, ఊదా మధ్య రంగులో మసగ్గా కనిపిస్తుంది, మామూలు సోడా గాజు పసుపు కలిసిన ఆకుపచ్చలోకి తిరుగుతుంది. పక్కన మీ వంటింటి గ్లాసు ఒకటి పెట్టి పోల్చుకోండి. అదొక్కటే సాక్ష్యం కాదు, కొత్తగా చేసిన సీసపు గాజు కూడా అలాగే కనిపిస్తుంది. బొడ్డు, పాదం, గీతలు, మోత, రంగు అన్నీ ఒకే మాట చెప్పాలి.

చివరగా అంచు. నేను దెబ్బ తిన్నది ఇక్కడే. ఇంగ్లండులోని ఒక వేలంలో ఇలాంటి గ్లాసునే, అడుగంతా చక్కగా ఉందని, తొందరపడి పాట పాడాను. నలభై రోజులకు పార్శిల్ వచ్చింది. విప్పి బొటనవేలు అంచు చుట్టూ తిప్పగానే గుండె జారింది. ఆనాటి గ్లాసు అంచును నిప్పు మీద నున్నగా చేసేవారు, వేలికి అది గుండ్రంగా, అక్కడక్కడ కొద్దిగా ఎగుడుదిగుడుగా తగలాలి. నాకు తగిలింది చదునైన, పదునైన అంచు. ఎప్పుడో పెచ్చు ఊడితే మొత్తం అంచును నాలుగైదు మిల్లీమీటర్లు అరగదీశారు. దానితో గిన్నె పొట్టిదై, గ్లాసు మెడలో కుదించుకున్నట్టు ఉంది. ఫొటోలో ఆ తేడా నేను చూడలేదు. స్థితిని గురించి రాతపూర్వక నివేదిక అడిగితే ఇస్తారు, అడగలేదు. తప్పు నాది కనుక తిరిగి పంపే హక్కు కూడా లేకపోయింది. ఆ గ్లాసు ఇప్పటికీ ఉంది, దానిలో కలం, పెన్సిళ్లు పెట్టుకుంటాను.

డబ్బు లెక్క కూడా చూసుకోండి. అంచనా ధర అంటే వేలంలో సుత్తి పడే ధర, అంటే పాట ముగిసే ధర మాత్రమే. దాని మీద కొనేవారి రుసుము ఉంటుంది, చాలా చోట్ల నూటికి ఇరవై నుంచి ముప్ఫై మధ్య. 150 పౌండ్లకు సుత్తి పడి, రుసుము 25 శాతం అనుకుంటే 37.50 పౌండ్లు, ఆ రుసుము మీద 20 శాతం పన్ను మరో 7.50 పౌండ్లు, అంటే 195 పౌండ్లు. వేరే వెబ్‌సైటు ద్వారా పాట పాడితే దాని వాటా అదనం. చాలా సంస్థలు పార్శిల్ కట్టవు, కట్టి పంపే వాళ్లను మీరే చూసుకోవాలి, గాజుకు పెట్టెలో పెట్టె పద్ధతి తప్ప దేనికీ ఒప్పుకోకండి. ఇక్కడికి వచ్చాక కస్టమ్స్ సుంకం ఉంటుంది, దాన్ని పాటకు ముందే ఏజెంటును అడిగి తెలుసుకోండి. ఇవన్నీ కలిపి మీరు ఎంత పెట్టగలరో ముందు కాగితం మీద రాసి, అక్కడి నుంచి వెనక్కి లెక్కేసి మీ పాట ఎక్కడ ఆగాలో తేల్చుకోండి. పాట జరుగుతున్నప్పుడు లెక్కలు వేసేవాడు ఎప్పుడూ ఎక్కువే పాడతాడు.

చట్టం సంగతి ఒక్క మాట. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన పురావస్తువును దేశం బయటికి పంపే అధికారం కేంద్ర ప్రభుత్వానికి, అది అనుమతించిన సంస్థలకు మాత్రమే ఉంది. అమెరికాలో ఉన్న బంధువులకు బిళ్లను కానుకగా సూట్‌కేసులో పెట్టి పంపాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. ఇంట్లో ఉంచుకోవడం వేరు, ఇలాంటివి వ్యాపారంగా అమ్మడం వేరు. అమ్మడానికి లైసెన్సు కావాలి.

మీ అసలు ప్రశ్నకు నా సలహా ఇది: ఈ గ్లాసు మీద పాట పాడకండి. గ్లాసు చెడ్డదని కాదు, మీరు ఇప్పటిదాకా ఒక్క పాత గ్లాసునూ చేత్తో పట్టుకోలేదు కనుక. చేతికి అలవాటు కావాలంటే దగ్గరలో ఉన్నది చూడండి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ గాజు గది ఉంది, అక్కడ ఒక పూట గడపండి. కరీంనగర్ వెళ్లి వెండి తీగ పని చేసేవాళ్ల దగ్గర కూర్చోండి. వెంట్రుకంత తీగను మెలిపెట్టి, నొక్కి, చట్రంలో అమర్చి టంకం వేయడం కళ్లతో చూస్తే, యంత్రంతో పోత పోసిన నకలు ఎక్కడ ఉన్నా మీకు ఇట్టే తెలిసిపోతుంది. పాత పన్నీరు బుడ్లు, అత్తరు దానులు, పాన్ పెట్టెలు మన జిల్లాల్లో ఇంకా దొరుకుతాయి, తూకానికి కాస్త పైన. వాటి మీద ముద్రలు ఉండకపోవచ్చు, వెండి శాతం కూడా తక్కువ ఉండవచ్చు. హైదరాబాద్ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలపు హాలీ సిక్కా రూపాయిలోనే వెండి నూటికి 81.8 వంతులు, ఆ రూపాయలు కరిగించి చేయించిన సామానులో అంతకన్నా ఎక్కువ ఎలా వస్తుంది? శాతం తక్కువని వాటిని చిన్నచూపు చూడకండి.

బిళ్ల విషయంలో ఈ వారమే చేయాల్సిన పని ఉంది. నానమ్మగారు పండుగ పండుగకూ విభూతితో తోమి ఉంటారు. ఇక చాలు. విభూతి, చింతపండు, పళ్లపొడి ఏదీ వద్దు, సోడా నీళ్లలో అల్యూమినియం రేకుతో ఉడికించే పద్ధతి అసలే వద్దు. తోమిన ప్రతిసారీ ముద్రలు కొంచెం కొంచెం అరుగుతాయి, చెక్కిన గీతల్లో ఉండాల్సిన నలుపు పోయి అక్షరాలు వెలవెలబోతాయి. మెత్తటి నూలు గుడ్డతో తుడిచి, తెల్లటి నూలు సంచిలో, ఒక సుద్దముక్క వేసి పెట్టండి. రబ్బరు బ్యాండు చుట్టకండి, దాని గంధకానికి వెండి మీద నల్లటి చార పడుతుంది, అది తోమితే గాని పోదు. గొలుసు విడిపోతే కొత్త గొలుసు వేయించకండి, పాతదాన్నే అతికించండి, టంకం ఎక్కడ వేశారో రాసి పెట్టుకోండి.

వెనుక ముద్రల ఫొటో పంపేటప్పుడు పగటి వెలుగులో, కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా, పక్కవాటుగా తీయండి. ముందు వైపు ఫొటో అక్కర్లేదు.